వాకీటాకీ స్పీకర్ మైకు

వాకీటాకీ స్పీకర్ మైకు అనేది చేతిలో పట్టుకొని మాట్లాడే వైర్‌లెస్ సెట్టుకు తీగ ద్వారా తగిలించుకొనే అనుబంధ పరికరం. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ పెట్టెలో ఒక మైక్రోఫోను, ఒక చిన్న స్పీకరు, మాట్లాడేటప్పుడు నొక్కి పట్టవలసిన బటను ఉంటాయి. ఈ బటనును పుష్ టు టాక్ అనే మాటలను కుదించి పీటీటీ బటను అంటారు. సెట్టు నడుముకు ఉండగా మైకును చొక్కా భుజపు పట్టీకి గాని, ఛాతీ మీద గాని క్లిప్పుతో బిగించుకుంటారు. పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది, గని కార్మికులు, రేవుల్లోను కర్మాగారాల్లోను పనిచేసేవారు, హామ్ రేడియో ఔత్సాహికులు దీనిని విరివిగా వాడతారు.

సెట్టును తయారుచేసిన సంస్థే దానికి తగిన మైకులను కూడా అమ్ముతుంది. అంతకంటే చాలా తక్కువ ధరకు ఇతర సంస్థలు తయారుచేసిన మైకులు బజారులో దొరుకుతాయి. వాహనాల విడిభాగాల వ్యాపారంలో వలె వీటిని ఆఫ్టర్‌మార్కెట్ సరుకు అంటారు. ఇవన్నీ నాసిరకమని చెప్పడానికి వీలు లేదు. అయితే బయటికి ఒకే తీరుగా కనిపించే రెండు మైకులలో ఒకటి ఏళ్ళ తరబడి పనిచేయవచ్చు, రెండవది మొదటి వర్షాకాలానికే మూగబోవచ్చు. కొనేవారు సాధారణంగా పెట్టె ఎంత దిట్టంగా ఉన్నదో చూస్తారు. మైకు ఆయుర్దాయం మాత్రం తీగ రెండు కొనల మీద, ప్లగ్గు మీద, బటను కింద ఉండే స్విచ్చి మీద ఆధారపడి ఉంటుంది.

ప్రయోజనం

స్పీకర్ మైకు లేనప్పుడు ప్రతి మాటకూ సెట్టును నడుము నుండి తీసి నోటి వద్దకు తెచ్చుకోవాలి. నిచ్చెన మీద ఉన్నవారికి, స్ట్రెచరు మోస్తున్నవారికి, వాహనాలను మళ్ళిస్తున్న ట్రాఫిక్ కానిస్టేబులుకు ఇది ఇబ్బందికరం. తీసి పెట్టే ప్రతిసారీ సెట్టు జారి పడే అవకాశం కూడా ఉంది. మైకు భుజం మీద ఉంటే తల కొద్దిగా వంచి, బటను నొక్కి మాట్లాడవచ్చు. స్పీకరు చెవికి దగ్గరగా ఉండటం వలన చప్పుడులో కూడా వచ్చే మాట వినబడుతుంది. బహిరంగ ప్రదేశంలో శబ్దం వచ్చే చోటికీ చెవికీ మధ్య దూరం సగానికి తగ్గితే శబ్దపు మట్టం సుమారు 6 డెసిబెల్‌లు పెరుగుతుంది. నడుము వద్ద ఉన్న స్పీకరుకూ భుజం మీది స్పీకరుకూ తేడా ఇంతకంటే ఎక్కువే.

దీనికి ఒక లోటు కూడా ఉంది. సెట్టును ముఖం వద్ద పట్టుకున్నప్పుడు ఏంటెన్నా తల ఎత్తున, ఒంటికి కొంత ఎడంగా ఉంటుంది. నడుముకు ఉన్నప్పుడు అది శరీరానికి ఆనుకొని ఉండి, తరంగాలలో కొంత భాగాన్ని శరీరమే పీల్చుకుంటుంది. సిగ్నలు అంతంత మాత్రంగా ఉన్న చోట ఈ నష్టం తెలుస్తుంది. అందువలన కొన్ని మైకులకు పైభాగాననే ఏంటెన్నా అమర్చి, దానికి వేరుగా కోయాక్సియల్ తీగ నడుపుతారు. ఇటువంటి మైకులలో తీగ మరింత మందంగా, బిరుసుగా ఉంటుంది.

చరిత్ర

చేతిలో పట్టుకొనే మొదటి సైనిక రేడియోలలో పేరు పొందినది ఎస్.సి.ఆర్.-536. అమెరికాలోని గాల్విన్ మాన్యుఫాక్చరింగ్ సంస్థ 1940లో దీనిని రూపొందించింది. ఈ సంస్థ పేరే 1947లో మోటరోలాగా మారింది. ఈ సెట్టులో మైకు, వినికిడి గొట్టం రెండూ సెట్టులోనే బిగించి ఉండేవి. అందుచేత మాట్లాడాలంటే మొత్తం సెట్టును ముఖానికి ఆనించుకోవలసిందే. అదే సంస్థ తయారుచేసిన ఎస్.సి.ఆర్.-300 వీపున మోసే రకం. దానికి టెలిఫోను రిసీవరు వంటి హ్యాండ్‌సెట్టు తీగతో వేలాడేది. సెట్టును ఒక చోట, మాట్లాడే భాగాన్ని మరొక చోట ఉంచే పద్ధతికి ఇదొక తొలి రూపం.

తరువాతి కాలంలో ట్రాన్సిస్టర్ల రాకతో సెట్లు చిన్నవయ్యాయి. 1962లో బెల్ ప్రయోగశాలలో జేమ్స్ వెస్ట్, గెర్‌హార్డ్ సెస్లర్ రూపొందించిన ఎలెక్ట్రెట్ మైక్రోఫోను వలన గింజంత మైకు చౌకగా తయారు చేయడం సాధ్యమయింది. నేటి స్పీకర్ మైకులలో అత్యధికం ఎలెక్ట్రెట్ రకానివే.

లోపలి అమరిక

పెట్టె లోపల స్పీకరు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. దీని పొర కాగితంతో గాని పాలియెస్టరు వంటి ప్లాస్టిక్ పలుచని రేకుతో గాని తయారవుతుంది. కాగితపు పొర తడిస్తే వంకర పోతుంది కాబట్టి బయట వాడే మైకులకు ప్లాస్టిక్ పొర మేలు. ఎలెక్ట్రెట్ మైకు పనిచేయడానికి కొద్దిపాటి డి.సి. వోల్టేజి కావాలి. అది సెట్టు నుండే తీగ గుండా వస్తుంది.

కొన్ని సెట్లలో మైకు సంకేతం, బటను నొక్కిన సంకేతం రెండూ ఒకే తీగ మీద నడుస్తాయి. బటను నొక్కినప్పుడు ఆ తీగలో ప్రవహించే కరెంటును బట్టి సెట్టు ప్రసారంలోకి మారుతుంది. ఇటువంటి సెట్టుకు వాడే మైకులో నిరోధకం విలువ సరిగా లేకపోతే సెట్టు అసలు ప్రసారం చేయకపోవచ్చు, లేదా బటను వదిలినా ప్రసారం ఆగకపోవచ్చు. మరికొన్ని సెట్లలో స్పీకరుకు వెళ్ళే రెండు తీగలలో ఏదీ భూమికి కలిసి ఉండదు. వాటికి ఒక కొన భూమికి కలిపిన మైకును తగిలిస్తే సెట్టులోని ధ్వని ఆంప్లిఫయరు చెడిపోతుంది. ప్లగ్గు దూరినంత మాత్రాన మైకు ఆ సెట్టుకు సరిపోయినట్లు కాదని దీనివలన తెలుస్తుంది.

తీగ

స్పీకర్ మైకులో అన్నిటికంటే ఎక్కువ శ్రమకు గురయ్యే భాగం తీగ. మనిషి కూర్చున్నా, లేచినా, వాహనం ఎక్కినా అది సాగుతుంది, మడుగుతుంది, మెలిపడుతుంది. అందుకే దీనిని స్ప్రింగు వలె చుట్టలుగా తయారు చేస్తారు. చుట్టల భాగం చూడడానికి బలహీనంగా కనిపించినా సాధారణంగా అక్కడ తెగదు. సాగినప్పుడు వంపు అన్ని చుట్టల మీదా పంచుకోబడుతుంది కాబట్టి ఏ ఒక్క చోటా ఎక్కువ ఒత్తిడి పడదు. తెగేది రెండు కొనల వద్ద, అంటే తీగ పెట్టెలోకి, ప్లగ్గులోకి ప్రవేశించే చోట. అక్కడ మెత్తని తీగ కదలని వస్తువును కలుస్తుంది. వంపు అంతా ఒకే బిందువు వద్ద జరుగుతుంది. పదే పదే వంచిన రాగి గట్టిపడి, పెళుసెక్కి విరుగుతుంది. చేతితో కట్టుతీగను ఇటూ అటూ వంచి తెంపడం అందరికీ తెలిసినదే. ఇక్కడ జరిగేది కూడా అదే, కాకపోతే నెలల తరబడి జరుగుతుంది.

దీనిని నివారించడానికి ప్రవేశ ద్వారం వద్ద మెడ వంటి రబ్బరు తొడుగు ఉంచుతారు. మంచి తొడుగు మొదట్లో మందంగా ఉండి, కొనకు పోయేకొద్దీ సన్నబడుతుంది. దానికి అడ్డంగా గాట్లు ఉంటాయి. తీగను లాగినప్పుడు వంపు తొడుగు పొడవునా పరచుకొని గుండ్రంగా రావాలి. తొడుగు కొన వద్ద తీగ చురుకైన కోణంలో మడిగితే ఆ తొడుగు అలంకారానికి తప్ప మరెందుకూ పనికిరాదు. పెట్టె లోపల కూడా తీగ పై తొడుగును ఒక బిగింపు గట్టిగా పట్టుకొని ఉండాలి. ఈ బిగింపు లేని మైకులలో లాగుడు బరువంతా టంకం వేసిన చోట్ల మీదనే పడుతుంది. చౌక రకాల పెట్టె విప్పి చూస్తే తీగకు ముడి వేసి వదిలివేయడం కనిపిస్తుంది. ముడి కొంతవరకు ఆపుతుంది గాని, ముడి వద్దనే తీగ నలుగుతుంది.

తీగలోపలి వాహకం కూడా ముఖ్యమే. కొద్దిపాటి మందమైన పోగులతో చేసిన తీగ కంటే వెంట్రుకల వంటి సన్నని పోగులు అనేకం ఉన్న తీగ ఎక్కువ వంపులను తట్టుకుంటుంది. టెలిఫోను తీగలలో వాడే టిన్సెల్ తీగ ఇంకా మెరుగైనది. ఇందులో దారం చుట్టూ పలుచని రాగి రేకును చుడతారు. ఇది వంగినా చాలాకాలం తెగదు, కాని టంకం వేయడం కష్టం. ఒకసారి తెగితే మరమ్మతు చేయగలవారు అరుదు. లాగుడు బలాన్ని మోయడానికి కొన్ని తీగల నడుమ కెవ్లార్ వంటి అరామిడ్ పోగులను నడుపుతారు.

పై తొడుగు పి.వి.సి.తో గాని పాలియురెథేన్‌తో గాని చేస్తారు. పి.వి.సి. చౌక. దానిని మెత్తగా ఉంచే రసాయనాలు ఎండకు, నూనెకు క్రమంగా బయటికి పోవడం వలన కొంతకాలానికి అది బిరుసెక్కి పగులుతుంది. పాలియురెథేన్ రాపిడికి, నూనెకు బాగా ఓర్చుకుంటుంది. అయితే ఇందులో రెండు జాతులు ఉన్నాయి. ఎస్టరు జాతి వేడితో కూడిన తేమలో విచ్ఛిన్నమై జిగటగా మారుతుంది. ఈథరు జాతికి ఈ బాధ తక్కువ. ఉక్కపోత ఎక్కువగా ఉండే కోస్తా ప్రాంతాలలో ఈ తేడా చిన్నది కాదు. అమ్మకపు చీటీ మీద ఈ వివరం సాధారణంగా ఉండదు, అడిగి తెలుసుకోవాలి.

తీగ ఎప్పుడో ఒకప్పుడు తెగక తప్పదు. అందుచేత తీగను విడిగా మార్చుకొనే వీలున్న మైకు, ధర కొంత ఎక్కువైనా, దీర్ఘకాలంలో చౌక పడుతుంది.

ప్లగ్గు, జాక్

చౌక సెట్లలో ఎక్కువగా కనిపించేది కెన్‌వుడ్ రకం రెండు పిన్నుల జాక్. ఇందులో ఒక పిన్ను 3.5 మి.మీ., మరొకటి 2.5 మి.మీ. వ్యాసం కలిగి ఉంటాయి. 2012లో వచ్చిన బావోఫెంగ్ యు.వి.-5ఆర్ సెట్టు ఈ రకాన్నే వాడటంతో దీనికి సరిపోయే మైకులు విపరీతంగా పెరిగాయి. మోటరోలా సెట్లలో కొన్నింటికి కూడా ఇవే కొలతల పిన్నులు ఉన్నా, వాటి అమరిక, లోపలి తీగల కలయిక వేరు. ఐకామ్, యేసు వంటి సంస్థల పద్ధతులు మరొక తీరు. ఖరీదైన వృత్తిపర సెట్లలో పిన్నులకు బదులు పక్కన అనేక లోహపు స్పర్శాబిందువులు ఉంటాయి. వాటి మీద ప్లగ్గును ఆనించి మరమేకుతో బిగిస్తారు.

రెండు పిన్నుల ప్లగ్గును జాక్‌లో పట్టి ఉంచేది లోపలి స్ప్రింగు పట్టు మాత్రమే. తీగ లాగినప్పుడల్లా పిన్నులు కొద్దిగా కదులుతాయి. ప్లగ్గు పూర్తిగా ఊడిపోతే సెట్టులోని స్పీకరు, మైకు తిరిగి పనిచేస్తాయి, కనుక ప్రమాదం తక్కువ. సగం ఊడిన ప్లగ్గుతోనే అసలు చిక్కు. అప్పుడు సెట్టులోని స్పీకరు ఆగిపోయి ఉంటుంది, భుజం మీది స్పీకరుకు సంకేతం అందదు. సెట్టు వెలుగుతూ ఉంటుంది, వాడేవాడు ఛానెలు నిశ్శబ్దంగా ఉన్నదనుకుంటాడు. పిలుపు వచ్చినట్లే అతనికి తెలియదు. సగం ఊడిన పిన్ను లోపల రెండు స్పర్శలను కలిపివేస్తే ఎవరూ నొక్కకుండానే ప్రసారం మొదలు కావచ్చు. ఈ కారణం వలన అత్యవసర సేవలకు మరమేకుతో బిగించే ప్లగ్గు ఉన్న సెట్లనే ఎంచుకోవడం మంచిది. రెండు పిన్నుల సెట్టే ఉంటే, ప్లగ్గు వద్ద తీగను సెట్టు బెల్టు క్లిప్పుకు చిన్న ఉచ్చుగా కట్టి ఉంచితే లాగుడు జాక్ దాకా పోదు.

బయటి తయారీ ప్లగ్గులతో ఎదురయ్యే మరొక సమస్య కొలత. పిన్నుల పొడవు అర మిల్లీమీటరు తగ్గినా, ప్లగ్గు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ అంచు సెట్టు పెట్టెకు తగిలినా, పిన్ను చివరిదాకా దిగదు. కొత్తలో పనిచేసి, సెట్టుకు తోలు సంచి తొడిగిన తరువాత పనిచేయని మైకుల విషయంలో కారణం తరచుగా ఇదే.

పిన్నులకు బంగారు పూత ఉంటే తుప్పు పట్టదు. చాలా చౌక పిన్నులకు నికెలు పూత ఉంటుంది. సముద్రపు గాలి తగిలే చోట, ఉదాహరణకు విశాఖపట్నం, కాకినాడ రేవులలో, ఉప్పు తేమ స్పర్శల మీద పొరగా పేరుకొని గరగర శబ్దాన్ని కలిగిస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపిన గుడ్డతో తుడిస్తే ఈ పొర పోతుంది. గరుకు కాగితంతో రుద్దితే పూత కూడా పోయి, సమస్య శాశ్వతమవుతుంది.

బటను

పీటీటీ బటను కింద చిన్న స్విచ్చి ఉంటుంది. దీని ఆయువును ఎన్ని నొక్కులు తట్టుకుంటుందో ఆ సంఖ్యలో చెబుతారు. ఒక లక్ష నొక్కులకు తయారైన స్విచ్చిని రోజుకు 200 సార్లు నొక్కే వ్యక్తికి ఇస్తే అది 500 రోజులకు గడువు తీరుతుంది. పది లక్షల నొక్కుల స్విచ్చి అదే వాడకంలో 13 ఏళ్ళు దాటుతుంది. రెండింటి ధరలో తేడా మైకు మొత్తం ధరతో పోల్చితే స్వల్పమే, అయినా చౌక తయారీలో మొదట కోత పడేది ఇటువంటి చోటనే.

స్విచ్చి పనిచేయకపోవడం ఒక చెడు. నొక్కిన బటను పైకి రాకపోవడం అంతకంటే పెద్ద చెడు. రబ్బరు బటను అంచులో ఇసుక ఇరుక్కున్నా, వేడికి రబ్బరు ఉబ్బినా, సీటు బెల్టు కింద మైకు నలిగినా, తీగ లోపల బటను తీగ భూమి తీగకు తగిలినా సెట్టు ప్రసారంలోనే ఉండిపోతుంది. ఒకే పౌనఃపున్యాన్ని అందరూ వంతులవారీగా వాడుకొనే వ్యవస్థలో ఒక్క సెట్టు ప్రసారం ఆపకపోతే మిగిలినవారి నోళ్ళు మూతపడతాయి. ఎఫ్.ఎం. పద్ధతిలో బలమైన సంకేతం బలహీనమైన దానిని పూర్తిగా అణచివేస్తుంది. కనుక దూరంగా ఉన్న వ్యక్తి సహాయం కోసం చేసే పిలుపు రొదగా కూడా వినిపించదు. పైగా, ఇరుక్కున్న బటను గలవాడికి తన సెట్టులో ఏమీ వినిపించదు కాబట్టి తప్పు తనదేనని అతనికి తెలిసే అవకాశం లేదు. అందరికంటే చివర తెలిసేది అతనికే.

దీనికి విరుగుడుగా సెట్లలో ప్రసార కాలపరిమితి ఉంటుంది. నిర్ణీత సమయం, ఉదాహరణకు 60 సెకన్లు, దాటగానే సెట్టు తనంతట తానే ప్రసారాన్ని ఆపి హెచ్చరిక శబ్దం చేస్తుంది. ఈ సదుపాయం చాలా సెట్లలో ఉన్నా, దానిని అమర్చకుండానో మరీ పొడవైన గడువుతోనో వదిలివేయడం కద్దు. బయటి తయారీ మైకు వాడే ప్రతి సెట్టులో దీనిని అమర్చి ఉంచాలి.

బటను ఎంత లోతుకు దిగుతున్నదీ, నొక్కినట్లు వేలికి తెలుస్తున్నదీ లేనిదీ చూడటం కూడా అవసరం. చేతి తొడుగులు వేసుకొనేవారికి పెద్ద బటను కావాలి. అది పెట్టె మట్టం కంటే మరీ ఎత్తుగా ఉంటే అనుకోకుండా నొక్కుకుపోతుంది.

నీరు, దుమ్ము, ముద్రలు

మైకుల అట్టపెట్టెల మీద ఐ.పి.54, ఐ.పి.67 వంటి ముద్రలు కనిపిస్తాయి. ఇవి అంతర్జాతీయ ఎలెక్ట్రోటెక్నికల్ కమిషన్ రూపొందించిన 60529 అనే ప్రమాణానికి సంబంధించినవి. మొదటి అంకె దుమ్మును, రెండవ అంకె నీటిని తెలుపుతుంది. మొదటి అంకె 5 అయితే పనికి అడ్డు వచ్చేంత దుమ్ము చొరబడదని, 6 అయితే దుమ్ము అసలు చొరబడదని అర్థం. రెండవ అంకె 4 అయితే అన్ని వైపుల నుండి చిమ్మే నీటిని, 5 అయితే 6.3 మి.మీ. గొట్టం నుండి నిమిషానికి 12.5 లీటర్ల వేగంతో వచ్చే ధారను, 7 అయితే ఒక మీటరు లోతులో 30 నిమిషాల మునకను తట్టుకోవాలి.

పెద్ద అంకె ఉంటే చిన్న అంకెల పరీక్షలు కూడా నెగ్గినట్లేనని చాలామంది అనుకుంటారు. ఇది పూర్తిగా నిజం కాదు. మునక పరీక్ష నెగ్గిన పరికరం ధార పరీక్షను నెగ్గినట్లు ఆ ప్రమాణం పరిగణించదు. రెండూ నెగ్గితే రెండు ముద్రలూ వేయాలి. నిశ్చలమైన నీటి ఒత్తిడి వేరు, గురిచూసి కొట్టే ధార వేరు. గొట్టాలతో కడిగే చోట, ఉదాహరణకు చేపల రేవులో, ఈ తేడా పనికి వస్తుంది. పరీక్షలు మంచినీటితో, కొత్త పరికరం మీద జరుగుతాయి. ఏడాది వాడిన తరువాత, ఉప్పునీటిలో, రబ్బరు అతుకు ఎలా ఉంటుందో ముద్ర చెప్పదు.

ఇంతకంటే ముఖ్యమైన విషయం ఒకటి ఉంది. సెట్టుకు ఐ.పి.67 ముద్ర ఉన్నదనుకొందాం. ఆ ముద్ర జాక్ మీది రబ్బరు మూత మూసి ఉన్నప్పుడు వర్తిస్తుంది. మైకు తగిలించాలంటే ఆ మూత తీయాలి. మైకు ప్లగ్గు చుట్టూ నీటిని ఆపే రబ్బరు వలయం లేకపోతే సెట్టుకు ఉన్న రక్షణ కూడా పోతుంది. చౌక మైకు తడిసి తాను చెడిపోవడంతో ఆగకుండా, వేల రూపాయల సెట్టులోకి నీటికి దారి చూపుతుంది. మైకుకు ఉన్న ముద్ర ఒక్కదానినే చూడటం వలన ప్రయోజనం లేదు. ఆ మైకు తగిలించిన స్థితిలో సెట్టుకు ఏ ముద్ర మిగులుతుందో అడగాలి.

స్పీకరు, మైకు రంధ్రాల నుండి శబ్దం పోవాలి, నీరు పోకూడదు. ఇందుకోసం మంచి మైకులలో సాగదీసిన పి.టి.ఎఫ్.ఇ. పొరను రంధ్రాల వెనుక అతికిస్తారు. సూక్ష్మరంధ్రాలు గల ఈ పొర గాలిని పోనిస్తుంది గాని నీటి బొట్టును పోనివ్వదు. పొర మీద నీరు నిలిచినంతసేపు మాట ముద్దగా వినిపిస్తుంది, విదిలిస్తే బాగుపడుతుంది. కొందరు రంధ్రం మూసుకుపోయిందని గుండుసూదితో పొడుస్తారు. పొర చిరిగి మైకు అక్కడితో ముగుస్తుంది. ఉక్కు కర్మాగారాలు, లేతు యంత్రాల షెడ్లలో మరొక బెడద ఉంది. స్పీకరు వెనుక అయస్కాంతం ఉంటుంది కనుక గాలిలోని ఇనుప రజను జాలీ మీదకు చేరుతుంది. పొర లేని మైకులో అది స్పీకరు సందుల్లో చేరి ధ్వనిని చీలుస్తుంది.

రెండవ రకం ముద్ర ఎం.ఐ.ఎల్.-ఎస్.టి.డి.-810. ఇది 1962లో మొదటిసారి వెలువడిన అమెరికా సైనిక ప్రమాణం. దీని హెచ్ కూర్పు 2019లో వచ్చింది. ఇందులో వేడి, చలి, వర్షం, ఉప్పు తుంపర, కంపనం వంటి అనేక పరీక్షలు ఉన్నాయి. చేతి పరికరాలకు సాధారణంగా చెప్పే పరీక్ష 122 సెంటీమీటర్ల ఎత్తు నుండి 26 సార్లు పడవేయడం. పెట్టెకు ఉన్న 6 ముఖాలు, 12 అంచులు, 8 మూలలు కలిసి 26 అవుతాయి. ఈ 26 పాట్లను అయిదు నమూనాల మధ్య పంచుకోవడానికి ప్రమాణం అనుమతిస్తుంది. అంటే ఒకే మైకు 26 సార్లు పడి బ్రతికిందని అర్థం చేసుకోకూడదు. ఈ ప్రమాణానికి ధ్రువపత్రం ఇచ్చే అధికార సంస్థ లేదు, తయారీదారు తానే పరీక్షించి చెప్పుకుంటాడు. ఏ పద్ధతి, ఏ పరీక్ష అన్న వివరం లేకుండా సైనిక ప్రమాణం అని మాత్రమే రాసి ఉంటే దానికి విలువ ఇవ్వనవసరం లేదు.

వేడి

మంటల్లోకి వెళ్ళేవారికి పై ముద్రలు చాలవు. అమెరికాలోని ఎన్.ఐ.ఎస్.టి. సంస్థ అగ్నిమాపక సిబ్బంది వాడే చేతి రేడియోలను వేడి గాలిలో పరీక్షించినప్పుడు, 160 డిగ్రీల సెల్సియస్ వద్ద పరీక్షకు పెట్టిన ఏడు సెట్లూ 15 నిమిషాలలోపే సరిగా పనిచేయడం మానివేశాయి. సెట్టును మందపాటి కోటు కింద దాచుకోవచ్చు; భుజం మీది మైకును, దాని తీగను దాచడం కష్టం. తీగ తొడుగు కరిగి లోపలి తీగలు ఒకదానికొకటి తగిలితే ఇరుక్కున్న బటను వలెనే ప్రసారం మొదలవుతుంది. అగ్నిప్రమాద స్థలంలో వాడే చేతి రేడియోలకు, వాటి స్పీకర్ మైకులకు కలిపి అమెరికాలో ఎన్.ఎఫ్.పి.ఎ. 1802 అనే ప్రత్యేక ప్రమాణం 2021లో వెలువడింది.

పేలుడు వాయువులు ఉండే చోట్లు

బొగ్గు గనులలో, చమురు శుద్ధి కర్మాగారాలలో మన్నిక కంటే ముందు చూడవలసినది నిప్పురవ్వ. 1913 అక్టోబరు 14న వేల్స్‌లోని సెంఘెనిడ్ బొగ్గు గనిలో జరిగిన పేలుడులో 439 మంది గని కార్మికులు మరణించారు. గనిలో గంట మోగించే విద్యుత్ సంకేత పరికరం నుండి వచ్చిన నిప్పురవ్వ కారణం కావచ్చునన్న అనుమానం అప్పట్లో వచ్చింది. తక్కువ వోల్టేజి సంకేత తీగలు కూడా వాయువును అంటించగలవా అన్న పరిశోధన దాని నుండి ఊపందుకుంది. ఇంట్రిన్సిక్ సేఫ్టీ అనే భావన ఇటువంటి పరిశోధనల ఫలితమే. తీగ తెగినా, తగిలినా పుట్టే శక్తి వాయువును అంటించడానికి చాలనంత స్వల్పంగా ఉండేటట్లు పరికరాన్ని రూపొందించడం ఈ భావన సారాంశం.

ఈ ధ్రువీకరణ సెట్టుకు విడిగా, మైకుకు విడిగా వర్తించేది కాదు. మైకులోని కెపాసిటర్లు, స్పీకరు చుట్ట శక్తిని నిలవ చేస్తాయి కనుక సెట్టు, బ్యాటరీ, మైకు కలిపి ఒక జతగా పరీక్షిస్తారు. ఆమోదించిన జాబితాలో లేని మైకును తగిలించగానే సెట్టు ధ్రువీకరణ కూడా రద్దయినట్లే. భారతదేశంలో పెట్రోలియం స్థావరాలకు నాగపూర్ కేంద్రంగా గల పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ, గనులకు ధన్‌బాద్ కేంద్రంగా గల గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ ఈ వ్యవహారాలు చూస్తాయి. సింగరేణి భూగర్భ గనులకైనా, విశాఖపట్నం చమురు శుద్ధి కర్మాగారానికైనా ఇదే వర్తిస్తుంది. ఇటువంటి చోట్ల ధర తక్కువన్న కారణంతో బయటి మైకు కొనడమనే ప్రశ్నే ఉండరాదు. ధ్రువపత్రంలో ఆ మైకు నమూనా సంఖ్య, సెట్టు నమూనా సంఖ్య రెండూ కనిపించాలి.

ధ్వని స్పష్టత

చప్పుడు ఎక్కువగా ఉండే చోట్లకు శబ్దాన్ని రద్దుచేసే మైకులు దొరుకుతాయి. సరళమైన రకంలో మైకు పొరకు ముందు, వెనుక కూడా రంధ్రాలు ఉంటాయి. దూరపు చప్పుడు రెండు వైపుల నుండి సమానంగా వచ్చి తనను తానే రద్దు చేసుకుంటుంది. నోటి మాట ముందు వైపు నుండి ఎక్కువగా వస్తుంది కనుక నిలుస్తుంది. వెనుక రంధ్రాన్ని వేలితో గాని, పేరు రాసిన స్టిక్కరుతో గాని మూసివేస్తే ఈ గుణం పోతుంది. మైకును నోటికి 3 నుండి 5 సెంటీమీటర్ల దూరంలో ఉంచి మామూలు గొంతుతో మాట్లాడటం మేలు.

బయటి తయారీ మైకులలో తరచుగా కనిపించే లోపం ప్రసార తరంగాలు మైకులోకే చొరబడటం. 5 వాట్ల సెట్టు ఏంటెన్నా పక్కనే మైకు తీగ వేలాడుతూ ఉంటుంది. ఆ తీగ తానే ఏంటెన్నా వలె పనిచేసి తరంగాలను ఎలెక్ట్రెట్ మైకు వద్దకు చేరవేస్తుంది. అవతలివారికి గరగరమనే, గుయ్యిమనే శబ్దం వినిపిస్తుంది. మైకు కొన వద్ద చిన్న కెపాసిటరు, తీగకు ఫెర్రైటు ముక్క ఉంటే ఈ లోపం రాదు. తక్కువ శక్తి వద్ద బాగా పనిచేసి, పూర్తి శక్తి వద్ద మాట చెదిరే మైకులో ఇవి లేవని ఊహించవచ్చు.

కొనే ముందు పరీక్ష

పెద్ద సంఖ్యలో కొనేవారు మొదట రెండు మూడు మైకులు మాత్రమే తెప్పించుకొని, అసలు వాడే సెట్ల మీద, అసలు పనిచేసే మనుషుల చేత కొన్ని వారాలు వాడించడం మంచిది. కార్యాలయపు బల్ల మీద జరిగే పరీక్ష పెద్దగా ఏమీ తేల్చదు.

ఒకరు మైకు బటను నొక్కి అంకెలు చదువుతూ ఉండగా, మరొకరు రెండవ సెట్టులో వినాలి. మాట్లాడుతున్నంతసేపూ తీగను మొదట ప్లగ్గు వద్ద, తరువాత పెట్టె వద్ద నాలుగు దిక్కులకూ వంచాలి. ఒక్క అంకె తెగినా ఆ మైకును పక్కన పెట్టాలి; కొత్తదే అలా ఉంటే పాతబడిన తరువాత చెప్పనక్కరలేదు. సెట్టును పూర్తి శక్తికి మార్చి, తీగను ఏంటెన్నాకు ఆనించి మళ్ళీ మాట్లాడాలి. మైకు బరువుతో సెట్టు వేలాడేటట్లు పట్టుకొని ప్లగ్గు కదులుతుందో లేదో చూడాలి. బటనును మూలల మీద, అంచుల మీద నొక్కి, ప్రతిసారీ వెంటనే తిరిగి వస్తున్నదని నిర్ధారించుకోవాలి. క్లిప్పును మందమైన గుడ్డకు, పలుచని గుడ్డకు తగిలించి చూడాలి. లోహపు స్ప్రింగు లేని ప్లాస్టిక్ క్లిప్పు త్వరగా విరుగుతుంది, విరిగిన క్లిప్పు గల మైకు నేల మీద ఈడ్చుకుపోయి తీగను కూడా తెంపుకుంటుంది.

వీలయితే ఒక మైకును విప్పి చూడటానికి కేటాయించాలి. లోపల తీగకు బిగింపు ఉన్నదా, రెండు సగాల మధ్య రబ్బరు వలయం ఉన్నదా, మరమేకులు ప్లాస్టిక్‌లోకే దిగాయా లేక ఇత్తడి గుబ్బల్లోకి దిగాయా అన్నది అయిదు నిమిషాలలో తెలిసిపోతుంది. ఒకే నమూనా సంఖ్యతో వచ్చే సరుకులో కూడా లోపలి భాగాలు బ్యాచికీ బ్యాచికీ మారుతుంటాయి. కనుక మొదటి విడత బాగున్నదని రెండవ విడతను చూడకుండా తీసుకోకూడదు.

వాడకం

మైకును తీగ పట్టుకొని ఊడదీయరాదు. ప్లగ్గును పట్టుకొని తీయాలి. తీగను సెట్టు చుట్టూ బిగుతుగా చుట్టి భద్రపరిస్తే మెడ తొడుగు వద్ద మడత పడుతుంది. ఉప్పునీటిలో తడిసిన మైకును మంచినీటితో కడిగి, జాలీ కిందికి ఉండేటట్లు ఆరబెట్టాలి. మైకు చెడిపోయినట్లు అనుమానం రాగానే దానిని ఊడదీసి, సెట్టులోని సొంత మైకుతో మాట్లాడి చూడాలి. ఈ ఒక్క పని సిబ్బంది అందరికీ అలవాటు చేయించిన చోట, చెడిన మైకు వలన పోయిన పిలుపులు తక్కువగా ఉంటాయి. ఊడదీసిన తరువాత జాక్ మీది రబ్బరు మూతను తిరిగి మూయాలి. ఆ మూత సాధారణంగా మొదటి వారంలోనే పోతుంది, కొనేటప్పుడే కొన్ని అదనంగా తీసుకోవచ్చు.